బ్రేకు తొక్కితే మోగే హారను

ఆ కాలంలో మా దిక్కున చొక్కా జేబులో పెన్ను కనబడితే సారు, టెస్టర్ కనబడితే ఇంజనీరు. నేను రెండో రకం. జగిత్యాల ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి కోరుట్లలో మా ఇంటికి తిరిగొచ్చిన రోజు నుంచీ జేబులో ఎర్రపిడి టెస్టర్ లేకుండా గడప దాటలేదు. పెళ్లికి పోయినా అదే, చావుకు పోయినా అదే. (ఒక చావు ఇంట్లో మైకు ఆగిపోతే ఏడుస్తున్నవాళ్లంతా ఆపి నా జేబు వైపు చూశారు. అంతకు మించిన గౌరవం నాకు మళ్లీ దొరకలేదు.) ఇప్పుడు యాభై దాటి, కళ్లద్దాలు లేకుండా ఏ వైరు ఏ రంగో తెలియని వయసులో ఆ పిలగాడు గుర్తొస్తే ముందు నవ్వొస్తుంది. ఆ తర్వాత నవ్వు మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. అది ఎక్కడ ఆగుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా చుట్టాల్లో ఒక మాట ఇప్పటికీ తిరుగుతోంది. సిరిసిల్ల మామ తన మోటారు సైకిలును తానే పోలీసులకు ఇచ్చుకున్నాడనీ, తర్వాత భయపడి పొరుగు రాష్ట్రంలోని భీవండికి పారిపోయాడనీ. ఆ మాట తప్పు. తప్పని తెలిసినవాళ్లలో నేనొకడిని. ఇన్నేళ్లూ నోరు మెదపనిదీ నేనే.

మామ అంటే మా అమ్మకు అన్న. సిరిసిల్లలో ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు నడిపే చిన్న ఆసామి. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఆ టకటకలో పుట్టి పెరిగినవాడు కనుక మామ ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడేవాడు. గుసగుసలాడినా పక్కింటికి వినబడేది. ఆయన దగ్గర బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు వదిలించుకున్న పాత మోటారు సైకిలు ఒకటి ఉండేది. నేను బడికి పోయే రోజుల్లో ఆ బండి మీదే మామ కోరుట్ల వచ్చేవాడు. బీడీలు చుడుతున్న మా అమ్మ చేట పక్కన పెట్టి, "మా అన్న వస్తుండు" అనేది. చప్పుడు ఇంకా ఊరి బయటే ఉండేది. నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని మల్లాపూర్ దాకా తిప్పి తెచ్చేవాడు. వెనక నుంచి మామ చొక్కాలోని గంజి వాసన, ముందు నుంచి పెట్రోలు వాసన, మధ్యలో నేను. ఆ రెండు వాసనలు కలిసి వచ్చే చోటు కోసం ఇప్పటికీ ముక్కు వెతుక్కుంటుంది.

నేను ఐటీఐలో చేరిన ఏడాదే ఆ బండి ఆగిపోయింది. ఇద్దరు మెకానిక్కులు చూశారు. ప్లగ్గు మార్చారు, కాయిలు మార్చారు, చివరికి "వైరింగు రోగం" అని చేతులు దులుపుకున్నారు. షెడ్డు మూలన నిలబడిన బండి మీద సాంచాల నుంచి లేచిన దూది నుసి పడీ పడీ అది ముసలి మేకలా తయారైంది. షెడ్డులో పనిచేసేవాళ్లు దానికి 'పెద్దమనిషి' అని పేరు పెట్టారు. ఏ పనీ చెయ్యదు, అందరూ పక్కకు తప్పుకుని పోవాలి, అందుకని.

చేతికి సర్టిఫికెట్ వచ్చాక నేను చేసిన మొదటి ప్రతిజ్ఞ ఆ పెద్దమనిషిని లేపడం. గొప్ప కోసమే అనుకున్నారు అందరూ. గొప్ప ఉంది, కాదనను. కానీ లోపల నాకు కావలసింది ఆ చప్పుడు. మా గల్లీ మలుపులో మళ్లీ ఆ చప్పుడు వినబడాలి, అమ్మ చేట పక్కన పెట్టాలి. మామతో చెబితే ఆయన సాంచె ఆపకుండానే అన్నాడు: "ఎందుకురా అల్లుడా? బండ్లు గూడ మనుషుల లెక్కనే. ముసలిగైనంక పండుకోనియ్యాలె. చాయ్ తాగి పో."

చాయ్ తాగాను, పోలేదు. దూది దులిపి, హెడ్‌లైటు విప్పి, జేబులోంచి టెస్టర్ తీసి ఒక్కో వైరుకూ గుచ్చి చూశాను. ఎక్కడా వెలగలేదు. డాక్టరు నాడి చూసి పెదవి విరిచినట్టు విరిచి, "మామా, దీంట్ల పానమే లేదు" అని ప్రకటించాను. మామ ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పలే? ఇంజనీర్ అల్లుడు గూడ అదే అన్నడు" అని షెడ్డంతా వినబడేలా చెప్పాడు. అల్లుడు ఓడిపోతే ఈ మనిషి ఇంత సంతోషపడతాడేమిటని నాకు రోషం వచ్చింది. మరుసటి ఉదయం బస్సెక్కి జగిత్యాల పోయి మా ఐటీఐ సారు ముందు నిలబడ్డాను. సారు అంతా విని కళ్లద్దాల మీది నుంచి చూశారు.

"టెస్టర్ ఎలగాలంటె ఇంటి కరెంటు ఉండాలె. బండి బ్యాటరీకి ఎలుగుతదారా? రెండేండ్లు నా క్లాసుల కూసున్నవా, పండుకున్నవా?"

"కూసొనే పండుకున్న సార్."

సారు నవ్వి, చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టి ఇచ్చారు. "ఒక వైరు బండి ఇనుముకు ఆనియ్యి. రెండోది బ్యాటరీ కాడ పెట్టు, బల్బు ఎలుగుతది. ఆన్నుంచి ఒక్కొక్క జాయింటు చూసుకుంట ముందటికి పో. యాడ బల్బు ఆరుతదో ఆడ రోగమున్నట్టు. తొందరపడకు." నా జీవితానికి పనికొచ్చే మాట అది ఒక్కటే చెప్పారు, తొందరపడకు అన్నది. నేను బల్బు ఒక్కటే తీసుకుని వచ్చాను.

బండి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కోరుట్లలో తెలిసిన షాపతన్ని బతిమాలి ఒక పాతది చార్జింగు పెట్టించుకుని, ఒళ్లో చంటిపిల్లలా పెట్టుకుని వేములవాడ మీదుగా బస్సులో సిరిసిల్ల వచ్చాను. బస్సు నిండా మొక్కు తీర్చుకోవడానికి పోయే జనం. గుంత గుంతకూ బ్యాటరీ నీళ్లు చిలికి నా మీద పడుతుంటే చల్లగా ఉందనుకున్నాను. దిగేసరికి నా ఏకైక మంచి ప్యాంటు తొడల మీద జల్లెడైపోయింది. మామ దగ్గరికి పిలిచి, ఆ చిల్లుల్లో వేలు పెట్టి, బట్టను కాంతికి పట్టి చూశాడు. "గీ బట్ట నేసేటందుకు మాకు దినమంత వడ్తది అల్లుడా. నువ్వు బస్సుల కూసొనే ఇప్పేసినవ్" అన్నాడు. ఆ మధ్యాహ్నం అత్త ఆ ప్యాంటుకు చీరంచుతో అతుకులు వేస్తుంటే, నేను మామ లుంగీ కట్టుకుని పనికి దిగాను. అప్పటి నుంచి ఆ ఇంట్లో వింతలు మొదలయ్యాయి. నేను పెట్టిన చోట పట్టకారు ఉండేది కాదు. స్క్రూడ్రైవరు బియ్యం డబ్బాలో దొరికింది. పని ఊపు మీద ఉండగా మామకు సరిగ్గా అప్పుడే పొగాకు కావలసి వచ్చేది, నేనే పోవాలి. పాత ఇల్లు, ఎలుకలేమో అనుకున్నాను. (బియ్యం డబ్బాలో స్క్రూడ్రైవరు పెట్టి మూత కూడా పెట్టే ఎలుక!)

మూడో రోజు పొద్దున మామ నూలు చుట్టిన బీములు తేవడానికి పోయాడు. పట్టకారు పెట్టిన చోటే ఉంది. సారు చెప్పినట్టు బల్బు పట్టుకుని బయలుదేరాను. బ్యాటరీ దగ్గర వెలిగింది. తాళం స్విచ్చు దగ్గర వెలిగింది. కాయిలు దగ్గర వెలగలేదు. అంటే రోగం ఆ రెంటి మధ్య ఉన్న మూరెడు వైరులో, ట్యాంకు కింద. ట్యాంకు విప్పి, వైరు మీది నల్లటేపు ఒలిచి చూద్దును కదా, లోపల వైరు తెగి ఉంది. తెగిన రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి, గంజి పట్టించిన నూలుతో బిగించి, బియ్యపుగింజంత ముడి వేసి ఉంది. పైనుంచి వేళ్లతో తడిమినా తెలియదు. వైరు నిండుగానే ఉందనిపిస్తుంది. కానీ రాగికి రాగి తగలడం లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ముడి నాకు తెలియనిది కాదు. మగ్గం మీద పోగు తెగితే మావాళ్లు వేసే ముడి అది. మగ్గం అచ్చు పళ్లలోంచి కూడా తగలకుండా జారిపోవాలి, అంత సన్నగా వేస్తారు. తాత వేస్తుంటే చూశాను, మామ వేస్తుంటే వందల సార్లు చూశాను. అలాంటి ముడి పొరపాటున పడదు, ఎవరో పనిగట్టుకుని వేస్తేనే పడుతుంది. అలాంటి వేళ్లు ఆ షెడ్డులో ఎవరివో తెలుసుకోవడానికి ఏ టెస్టరూ అక్కర్లేదు. నేను మాత్రం పగలబడి నవ్వాను. అత్తను పిలిచి, "అత్తా, చూడు! వైరును దారంతోని కట్టిన పిచ్చి మెకానిక్కు ఎవడో!" అని చూపించాను. అత్త నవ్వలేదు. సాంచాల దగ్గర ఉన్న ఇద్దరు పనివాళ్ల వైపు ఒకసారి చూసి, "మామ రానియ్యి పిలగా. మామ వచ్చినంక చేద్దువు" అంది.

నేను ఆగే రకమా? దారం కోసేశాను. రాగి మెలిపెట్టి కలిపి, కొత్త టేపు చుట్టాను. పనిలో పనిగా వేలాడుతున్న మిగతా వైర్లను కూడా ఏది దేనికి బాగుంటుందనిపిస్తే దానికి కలిపేశాను. రంగులన్నీ వెలిసి అన్నీ ఒకే బూడిద రంగులో ఉన్నాయి మరి. పెట్రోలు పోసి, ప్లగ్గు తుడిచి కిక్కు కొట్టాను. ఇరవయ్యోసారో ముప్పయ్యోసారో పెద్దమనిషి దగ్గాడు. మరోసారి కొడితే లేచాడు. పనివాళ్లు సాంచాలు ఆపి బయటికి వచ్చారు. నేను గల్లీలోకి దూసుకుపోయాను. మలుపులో బ్రేకు తొక్కితే 'బే...' అని హారను మోగింది. కాలు తీస్తే ఆగింది. మళ్లీ తొక్కితే మళ్లీ మోగింది. హారను బటను నొక్కితే మాత్రం వెనక ఎర్రలైటు మర్యాదగా వెలిగింది. ఆగాలంటే అరవాలి, అరవకుండా ఆగే దారి లేదు. ఆ ఊపులో ఐదు చుట్లు కొట్టాను. ఇంటి ముందు నుంచి అత్త రెండు చేతులూ ఊపుతూ, "ఓ పిలగా, ఊరంత లేపకు!" అని అరుస్తూనే ఉంది. అభినందిస్తోందనుకుని ఇంకోసారి బ్రేకు తొక్కాను.

మామ బీములతో వచ్చేసరికి బండి వాకిట్లో వేడిగా నిలబడి ఉంది. ఆయన ముందు బండిని చూశాడు, తర్వాత గల్లీలో గుమిగూడిన జనాన్ని, చివరికి నన్ను. జీవితంలో మొదటిసారి నిజంగా నెమ్మదిగా మాట్లాడాడు. "లోపట పెట్టు. అన్నం తిన్నంక మాట్లాడుదం." పొగుడుతాడని ఆత్రంగా తింటున్నాను. రెండు ముద్దలు తిన్నామో లేదో వాకిట్లో ఒక కానిస్టేబులు. (ఏ ఠాణానో ఇప్పుడెందుకు.) గల్లీ చివర హోటల్లో చాయ్ తాగుతూ ఆ హారను విన్నాడట.

"ఏం ఆసామీ, బండి బాగైందట? మా సారు రెండు దినాలు కావాలంటున్నడు."

"యాడ బాగైంది సార్," అన్నాడు మామ తల ఎత్తకుండా. "ఊకె మొత్తుకుంటది గని నడువది. మొత్తం వైరింగు ఖరాబు."

వైరింగు ఖరాబు! నా వైరింగు! నోట్లో ముద్ద ఉండగానే లేచాను. "నడుస్తది సార్! నేనే చేసిన. ఒక్క కిక్కుకే నడుస్తది, రాండ్రి చూపిస్త!"

చూపించాను కూడా. ముప్పై కిక్కులకు లేచినది ఆ క్షణంలో నిజంగానే ఒక్క కిక్కుకు లేచింది. కానిస్టేబులు నా భుజం తట్టి, "చదువుకున్న పిలగాడు మంచిగున్నడు" అని ఎక్కి పోయాడు. మొదటి మలుపులో హారను మోగింది, రెండో మలుపులో మోగింది, తర్వాత వినబడలేదు. వెనక్కి తిరిగితే మామ కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. అన్నం అట్లాగే ఉంది.

వెంటనే నన్ను బస్టాండుకు నడిపించుకుపోయాడు. దారిలో ఎవరూ లేని చోట చూసి అన్నాడు: "అల్లుడా, గా వైరు తెగలే. నేనే కోసిన. నేనే కట్టిన."

నేను సంచి కింద పెట్టేశాను.

"నడిచే బండి ఇంట్ల ఉంటె రెండు దిక్కులోళ్లు అడుగుతరు, పోలీసోళ్లు, అడివిలున్న అన్నలు. గాళ్లకిస్తె గీళ్లకు కోపం, గీళ్లకిస్తె గాళ్లకు కోపం. ఇయ్యనంటె ఇద్దరికీ కోపమే. నడువని బండిని ఎవడన్న అడుగుతడా?"

"మరి నాకు ముందుగాల చెప్పద్దా మామా?"

"నీకు చెప్పుడు, మైకుల చెప్పుడు ఒక్కటేనాయె" అని నవ్వాడు. ఆ స్థితిలో కూడా నవ్వాడు. నా జేబులోంచి టెస్టర్ తీసి నా సంచిలో పడేసి, "ఇగ విను. నువ్వు సిరిసిల్లకు రాలే, బండి ముట్టలే. ఎవరడిగినా గదే మాట. నేను పిలిచేదాక రాకు" అన్నాడు. బస్సు కదిలాక చూస్తే అక్కడే నిలబడి, చేత్తో నా ప్యాంటు అతుకుల వైపు చూపిస్తూ ఏదో అంటున్నాడు. వినబడలేదు.

తర్వాతిదంతా అత్త మా అమ్మకు చెబితే తెలిసింది. రెండు రోజులన్న బండి పది రోజులకు వచ్చింది. ఆ పది రోజులూ పోలీసులు ఏ ఊరికి పోయినా, బ్రేకు తొక్కిన ప్రతిచోటా హారను వాళ్లకంటే ముందు పోయింది. వాళ్లు వెతికే మనిషి ఎప్పుడూ అప్పుడే తప్పించుకుని పోయి ఉండేవాడు. "మమ్మల్ని పట్టియ్యాలనే గిట్ల పెట్టినవా?" అని మామను ఠాణాలో పొద్దంతా నిలబెట్టారు. ఆ వారమే అన్నల నుంచి కబురు. ఫలానా చోటికి వచ్చి, బండి పోలీసులకెందుకిచ్చావో చెప్పమని. అక్కడికీ పోయాడు. రెండుచోట్లా మామ చెప్పిన జవాబు ఒకటే: "తప్పు నాదే. నాకు వైరింగు రాదు. నేనే కెలికిన, నడుస్తదని పిలగానితోని చెప్పిచ్చింది గూడ నేనే." నా పేరు రెండుచోట్లా రాలేదు. ఆ నెలలోనే సాంచాలు ఆపి, అత్తతో భీవండి పోయి, ఎవరిదో షెడ్డులో కూలికి నేశాడు. ఆయన చేతి కింద పనిచేసినవాళ్లు ఇక్కడ ఆసాములయ్యారు.

కాలం కొంత నెమ్మదించాక మామ తిరిగొచ్చాడు. అప్పటికి నేను జగిత్యాలలో మోటార్ల వైండింగు షాపు పెట్టుకున్నాను. పెళ్లిళ్లలో కలిసేవాళ్లం. ప్రతిసారీ అదే మాట: "అల్లుడా, పెద్దమనిషి నిన్ను అడుగుతుండు. ఒకసారి వచ్చి చూసిపో." ప్రతిసారీ నాదీ అదే జవాబు: "వస్త మామా. ఈ యాసంగి పంట పోనీ, మోటార్లు కుప్ప పడ్డయి." 'పిలిచేదాక రాకు' అన్న మాటను ఎంత శ్రద్ధగా పాటించానంటే, పిలిచాక కూడా పోలేదు. జగిత్యాల నుంచి సిరిసిల్ల ఎంత దూరమని? పొద్దున పోతే చాయ్ తాగి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. ఆ షెడ్డులో నిలబడి ఆయన ముఖం చూడాలంటేనే దూరం.

పోయినేడు పోయాను, ఆయన దినాలకు. బంతిలో కూర్చున్నాక పక్కనున్న ఒక పెద్దాయన ఎవరికో చెబుతున్నాడు: "పోలీసోళ్లకు బండి ఇచ్చుకొని ఊరిడిసిండు గని, లేకుంటె ఇయ్యాళ ఇరవై సాంచాల ఆసామి అయ్యేటోడు." నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను. ఒకసారి అన్నం చేత్తో నోరు తెరిచి తప్పు చేశాను. రెండోసారి అన్నం చేత్తో నోరు మూసుకుని అంతకంటే పెద్ద తప్పు చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు 'నడుస్తది సార్' అన్నది మా మామ కాదు, నేను. బండి ఇచ్చింది నేను. ఆయన పారిపోలేదు; నన్ను దాచిపెట్టి తాను పోయాడు. ఆ పెద్దాయనకు కూడా ఇది చదివి వినిపిస్తాను.

బంతి లేచాక షెడ్డులోకి పోయాను. పెద్దమనిషి అదే మూలన, అదే దూదితో. కళ్లద్దాలు పెట్టుకుని ట్యాంకు విప్పాను. నేను కలిపిన చోట వైరు మళ్లీ కోసి ఉంది. మళ్లీ నూలు, మళ్లీ బియ్యపుగింజంత ముడి. అత్త వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"భయం పోయినంక గూడ ఎందుకు కట్టిండు అత్తా?"

"ఎందరో బాగుచేస్తమని అచ్చిన్రు పిలగా. 'మా అల్లుడు రావాలె, వానికే తెలుసు దాని రోగం' అని మీ మామ ఒక్కన్ని ముట్టనియ్యలే."

ఆ ముడి విప్పబోతే నా వేళ్లకు పట్టు దొరకలేదు. కత్తెర అడిగితే అత్త ఇవ్వలేదు. తానే వంగి, గోరుతో ఒక్కసారి మీటింది, ముడి విడిపోయింది. దారం చుట్టి నా జేబులో పెట్టింది, ఒకప్పుడు టెస్టర్ ఉండే జేబులో. రాగికి రాగి కలిపాను. పక్కింటివాళ్ల బండి బ్యాటరీ తెచ్చి తగిలించి, తాళం తిప్పి కిక్కు కొట్టాను. లేవలేదు. యాభై దాటినవాడి కాలు, అంతకంటే ముసలి ఇంజను. అలసిపోయి, ఊరికే అలవాటుగా కాలు బ్రేకు మీద పెట్టాను.

'బే...' అని గొంతు బొంగురుపోయిన హారను మోగింది.

మామ తన ముడి మళ్లీ వేసుకున్నాడు కానీ, నా తప్పును మాత్రం ముట్టుకోలేదు. అట్లాగే ఉంచాడు. నేను కాలు తీసి, మళ్లీ తొక్కాను. మళ్లీ తొక్కాను. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో అంది: "ఓ పిలగా, ఊరంత లేపకు!"

లుంగీ కట్టుకుని ఐదు చుట్లు కొట్టిన ఆ పిలగాడు, జేబులో దారంతో నిలబడ్డ ఈ ముసలి ఇంజనీరు ఇద్దరం ఒకేసారి కాలు తీశాం.